కేక వినబడేంత దూరం

ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తే అక్కడ మనిషి దొరకడని జనం ఫిర్యాదు చేస్తుంటారు. మా జిల్లా కేంద్రంలో ఆ ఫిర్యాదుకు తావివ్వని కార్యాలయం ఒకటుంది. విదేశీయుల నివాస అనుమతుల విభాగం దాని పేరు. అక్కడ అధికారి దొరుకుతాడో లేదో చెప్పలేను గానీ, దరఖాస్తు పెట్టుకున్నవాడు మాత్రం ఏ వేళ వెళ్ళినా దొరుకుతాడు. ఆ ఏర్పాటు ఎలా వచ్చిందో దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

నా పేరు గెద్దాడ సూర్యచంద్రం. మడ అడవుల పరిశోధన కేంద్రంలో సీనియర్ అసిస్టెంటుని. మా కేంద్రం పట్నానికి ముప్పై ఎనిమిది కిలోమీటర్ల అవతల, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, గుల్లలపేట అనే పల్లెను ఆనుకుని ఉంటుంది. ఉప్పునీటి బురదలో, వేళ్ళు పైకి పెట్టి ఊపిరి పీల్చుకుంటూ బతికే చెట్టు మడ చెట్టు. తుఫాను వచ్చినప్పుడు మొదటి దెబ్బ అది తిని వెనకున్న ఊరిని కాస్తుంది.

ఆ మొక్కల మీద చదువుకోడానికి ఎస్తోనియా దేశం నుంచి కైసా తామ్ అనే ఇరవై మూడేళ్ళ అమ్మాయి జులైలో మా దగ్గరికి వచ్చింది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్. డిసెంబరు ముప్పై ఒకటి వరకు నివాస అనుమతి. గుల్లలపేటలో సంగాడి నూకాలమ్మ ఇంట్లో దిగింది. నూకాలమ్మ ఆ ఊరి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఆవిడ తన మనుషులతో కలిసి ఒడ్డు పొడుగునా పన్నెండు వందల మడ మొక్కలు నాటింది. వాటిని రోజూ పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, బురదలో దిగి కొలవడం కైసా పని. కొలుస్తూ కొలుస్తూ నూకాలమ్మ దగ్గర తెలుగు కూడా నేర్చేసింది. పుస్తకాల తెలుగు కాదు, గుల్లలపేట తెలుగు.

అక్టోబరు తుఫానుకి ఆ మొక్కలన్నీ కొట్టుకుపోయాయి. నూకాలమ్మ ఒక్క రోజు ఏడ్చి, రెండో రోజు మళ్ళీ విత్తులు ఏరడానికి బయల్దేరింది. నవంబరులో పన్నెండు వందలూ మళ్ళీ నాటారు. అవి బతుకుతాయో లేదో తేలాలంటే మార్చి నెలాఖరు దాకా కొలవాలి. కైసా డిగ్రీ దాని మీదే ఉంది. డిగ్రీ కంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఆ ఒడ్డునే రొయ్యల చెరువులకు ఇప్పించమని కనకరత్నం అనే ఆసామి అర్జీ పెట్టుకున్నాడు. మార్చిలోగా మొక్కలు నిలిచాయని నివేదిక వెళ్తే ఒడ్డు మడకి ఉంటుంది. వెళ్ళకపోతే రొయ్యలకి పోతుంది. ఊరికి అడ్డు ఏమీ మిగలదు.

అందుకని కైసాకి మరో మూడు నెలల అనుమతి కావలసి వచ్చింది. ఆఫీసుల సంగతి తెలిసినవాణ్నని మా డైరెక్టరు నన్ను తోడు పంపారు.

డిసెంబరు ఒకటో తారీఖున పదిన్నరకు ఆ విభాగానికి వెళ్ళాం. సూపరింటెండెంటు వక్కలంక త్రివిక్రమరావు గారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. ఫైళ్ళలో రాసీ రాసీ ఆయన నోటి మాట కూడా ఫైలు మాటే అయిపోయింది.

"కూర్చోవలసిందిగా కోరడమైనది" అన్నారు.

కూర్చున్నాం. ఆయన దరఖాస్తు తీసి మొదటి గడి దగ్గరే ఆగిపోయారు.

"పేరు గడిలో ప్రశ్నలు వేయరాదు."

"ప్రశ్నెక్కడుందండి?" అన్నాను.

"కైసా అనగా హిందీలో 'ఎలా' అని అర్థం. ఎలా తామ్ అని వీరు అడిగినచో మేము ఏమని ప్రత్యుత్తరం ఇవ్వవలెను?"

"ఆయ్, అది నా పేరేనండి" అంది కైసా.

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు సవరించుకుని ఆ అమ్మాయిని చూశారు. తెల్లటి ముఖం, పసుపచ్చటి జుట్టు, గుల్లలపేట మాట. ఆ మూడూ ఒకే మనిషిలో ఉండడం నియమాలకు విరుద్ధమేమో అని కాసేపు ఆలోచించినట్టున్నారు. తర్వాత మార్జిన్లో 'దరఖాస్తుదారు మాట్లాడును' అని రాసుకున్నారు.

"పొడిగింపునకు కారణం?"

"ఇంటర్న్‌షిప్ అండి" అన్నాను.

"దానిని మేము అంతేవాసిత్వం అని వ్యవహరిస్తాము. అంతేవాసిత్వం కొనసాగుచున్నంత కాలం పొడిగింపునకు అభ్యంతరం లేదు. అయితే పద్నాలుగవ నియమము కలదు. దరఖాస్తు పరిశీలనలో ఉన్నంత కాలం దరఖాస్తుదారు అందుబాటులో ఉండవలెను."

"ఉంటుందండి. ఫోన్ నంబరు రాశాం."

"ఫోను అందుబాటులో ఉండుట వేరు, వ్యక్తి అందుబాటులో ఉండుట వేరు. మూడేళ్ళ క్రితం వేణువు నేర్చుకొనుటకు వచ్చిన ఒక విదేశీయుణ్ణి ఈ కార్యాలయం పిలిచింది. అతడు పలకలేదు. విచారించగా వేరే జిల్లాలో ఉన్నట్లు తేలినది. అప్పటి నుంచి వివరణ మెమో జారీ అయి ఉన్నది. అందుబాటు అనగా," ఆయన కాగితం చూడకుండానే చెప్పారు, "కేక వినబడేంత దూరం. అది దాటిన క్షణాన దరఖాస్తు రద్దగును. మూడు దినములలో దేశం విడిచి వెళ్ళవలెను."

గుల్లలపేట ఇక్కడికి ముప్పై ఎనిమిది కిలోమీటర్లని నేను లెక్క వేసుకున్నాను. కైసా మాత్రం శాస్త్రం చదువుకునే పిల్ల కదా, దాని ఆలోచన వేరేగా పోయింది.

"ఎవరి కేకండి?" అంది.

గదిలో ఉన్నవాళ్ళందరూ తలలెత్తారు. మూడేళ్ళుగా మెమో అమల్లో ఉంది. ఈ మాట ఎవరూ అడగలేదు. త్రివిక్రమరావు గారు కలం కింద పెట్టారు.

"మౌలికమైన ప్రశ్న" అన్నారు మెల్లగా.

ఆ మధ్యాహ్నమే నిర్ణయం జరిగింది. దరఖాస్తుదార్లను పిలిచే పని ఆఫీసు జవాను లోవరాజుది కాబట్టి ప్రామాణికమైన కేక లోవరాజుదే. అతను ఆఫీసు గుమ్మంలో నిలబడి, రొమ్ము విరుచుకుని, "కైసా తామ్ గారూ!" అని అరిచాడు. కైసా చెయ్యెత్తి పట్టుకుని వెనక్కి నడుస్తూ పోయింది. వినబడినంతసేపూ చెయ్యి పైనే ఉంచాలి. అరవై రెండో అడుగు దగ్గర చెయ్యి దిగింది. అక్కడి నుంచి చుట్టూ సున్నంతో గీత గీయించారు. ఆ గీత లోపల ఆఫీసు, ఒక బెంచీ, ఒక వేపచెట్టు, ఒక కుళాయి ఉన్నాయి. టీ కొట్టు నాలుగు అడుగుల తేడాతో బయటపడింది.

"పది నుంచి ఐదు వరకు" అన్నారు త్రివిక్రమరావు గారు. "ఆదివారములు కార్యాలయం పిలవదు కనుక ఎక్కడికైనా వెళ్ళవచ్చును. ఇందులో మానవీయ కోణం గమనించగలరు."

కైసా పట్నంలో ఆడపిల్లల హాస్టల్లో చేరింది. ఆదివారాలు గుల్లలపేట వెళ్ళి మొక్కల్ని చూసుకునేది. మిగతా ఆరు రోజులూ బెంచీ మీద కూర్చునేది. రోజుకి మూడుసార్లు లోవరాజు గుమ్మంలోకి వచ్చి కేకేసేవాడు, కైసా "ఆయ్" అనేది, అతను లోపలికి వెళ్ళి "ఉన్నారండి" అని చెప్పేవాడు, ఆ సంగతి రిజిస్టరులో ఎక్కేది.

రెండు వారాలయ్యాక ఒక రోజు నాలుగో కేక వినబడింది. లోపలికి రమ్మన్నారు. నేను కూడా ఆ రోజు అక్కడే ఉన్నాను.

"అంతేవాసిత్వం కొనసాగుచున్నదా?" అని అడిగారు త్రివిక్రమరావు గారు.

"ఎలాగ కొనసాగుద్దండి? మొక్కలక్కడున్నాయి, నేనిక్కడున్నాను" అంది కైసా.

"అనగా, లేదు."

"లేదండి."

ఆయన ముఖం చిన్నబోయింది. నిజంగానే చిన్నబోయింది. ఆయన చెడ్డవాడు కాదు. "అంతేవాసిత్వం లేనిచో పొడిగింపునకు కారణం లేదు. కారణం లేని దరఖాస్తును తిరస్కరించుట తప్ప గత్యంతరం లేదు. వ్యక్తిగతంగా ఇది నాకు సమ్మతము కాదు. ఇంతగా అందుబాటులో ఉన్న దరఖాస్తుదారును నా సర్వీసులో చూచి ఉండలేదు. అంతేవాసిత్వం కొనసాగుచున్నట్లు ఆధారం చూపుటకు మూడు దినములు గడువు ఇవ్వడమైనది."

"అక్కడికెళ్తే దరఖాస్తు పోద్ది. ఎళ్ళకపోతే కారణం పోద్ది. నేనేం చెయ్యాలండి?"

"సలహాలు ఇచ్చుట ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు."

కైసా బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. ఐదు నెలలు బురదలో కాళ్ళు పగిలినా, తుఫానుకి మొక్కలన్నీ పోయినా ఏడవని పిల్ల. నేను పక్కన నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే నూకాలమ్మ క్యారేజీ పట్టుకుని బస్సు దిగి వచ్చింది. వారానికోసారి చేపల కూర తెచ్చిపెట్టడం ఆవిడకి అలవాటు. సంగతంతా విని, కొంగుతో పిల్ల ముఖం తుడిచింది.

"ఇందుకా ఏడుత్తున్నావు? మొక్క కాడికి నువ్వు రాకూడదంటే మొక్కే నీ కాడికొత్తాది. ఏటి, దానికి కూడా పర్మిట్టు కావాలంటాడా ఆయన?"

మర్నాడు ట్రాలీ ఆటోలో ఇరవై మడ మొక్కలు వచ్చాయి. సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ముల్లో, ఒడ్డు బురదతో సహా. నూకాలమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వాటిని దింపి, సున్నం గీతకి లోపల వరసగా పెట్టారు.

త్రివిక్రమరావు గారు బయటికి వచ్చి చూశారు. మొక్కలు ఆఫీసు ఆవరణలోకి ఏ హోదాలో ప్రవేశించాయన్నది ఆయనకు వచ్చిన సందేహం. సందర్శకులా, సామగ్రా? సందర్శకులైతే నాలుగింటికల్లా వెళ్ళిపోవాలి. సామగ్రి అయితే టెండరు పిలవాలి. గంటసేపు నియమావళి తిరగేశాక ఆయన ముఖం వెలిగింది.

"దరఖాస్తుతో జతపరచిన పత్రములు అని ఒక గడి కలదు. పత్రములు సంఖ్య ఎంతైనను ఉండవచ్చును. వీటికి పత్రములు ఉన్నవి కదా?"

"ఉన్నాయండి, ఒక్కోదానికి ఆరో ఏడో" అంది కైసా ఆకులు చూపిస్తూ.

"అయితే ఇవి జతపరచిన పత్రములు. ఒకటి నుంచి ఇరవై వరకు."

ప్రతి డ్రమ్ము మీదా సీలు వేసి, అంకె వేసి, లోవరాజు చేత తాడు కట్టించి ఫైలుతో కలిపారు. తాడు కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. అంతేవాసిత్వం కొనసాగుతోంది.

మడ మొక్కకి పోటూ పాటూ ఉండాలి. రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్ళు వేళ్ళు మునిగేదాకా రావాలి, మళ్ళీ తీసెయ్యాలి. నూకాలమ్మ డ్రమ్ములతో సముద్రపు నీళ్ళు పంపించేది. కైసా పోసేది, తోడేది. కానీ సముద్రం రోజుకింత చొప్పున వేళ మార్చుకుంటుంది. ఒక రోజు పోటు మధ్యాహ్నం ఒంటిగంటకు పడింది. అది భోజన విరామం. ఇంకో రోజు సాయంత్రం ఆరింటికి పడింది. అప్పటికి గేటు వేసేస్తారు. త్రివిక్రమరావు గారు సర్క్యులరు ఇచ్చారు.

'కార్యాలయ ఆవరణలో ఇకపై పోటు ఉదయం పదిన్నర గంటలకు, పాటు సాయంత్రం నాలుగున్నర గంటలకు సంభవించవలెను. ఆదివారములు, రెండవ శనివారములు పోటు ఉండదు. ఐచ్ఛిక సెలవు దినములలో అర పోటు మాత్రమే అనుమతించబడును.'

"చంద్రం గారూ, సముద్రానికి రెండో శనివారం ఉంటుందాండి?" అని కైసా నన్ను అడిగింది.

"మన జిల్లాలో ఉంటుందమ్మా" అన్నాను.

ఆ మాట తన నోటుబుక్కులో రాసుకుంది. వాళ్ళ ప్రొఫెసరు ఈమెయిల్లో, అలల పట్టికలో ఈ ఖాళీలేమిటని అడిగాడట. సర్క్యులరు ఫొటో తీసి జతచేసింది. ఆయన మళ్ళీ అడగలేదు. అసలు ఒడ్డునున్న మొక్కల కొలతలు నూకాలమ్మ చూసుకుంది. ఆవిడకి చదువు రాదు. వల అల్లే దారం తెచ్చి, మొక్క ఎంత ఎత్తుంటే అంత దారం కోసి, దానికి వరసలో ఎన్నో మొక్కో అన్ని ముళ్ళు వేసి, వరసకో కట్ట కట్టి పంపేది. కైసా బెంచీ మీద కూర్చుని స్కేలు పెట్టి ఆ దారాలు కొలుచుకునేది. రోజూ కట్టలు కట్టలు దారం. చూసేవాళ్ళు ఈ పిల్ల వలలు అల్లుతోందనుకునేవాళ్ళు.

డిసెంబరు ముప్పై ఒకటి దాటింది. అనుమతి గడువు తీరింది. కైసా ఇప్పుడు చట్టప్రకారం ఉన్నట్టా, లేనట్టా అని అడిగాను.

"ఉన్నట్లునూ కాదు, లేనట్లునూ కాదు. పరిశీలనలో ఉన్నట్లు" అన్నారు త్రివిక్రమరావు గారు.

జనవరిలో లోవరాజుకి జలుబు చేసింది. గొంతు పట్టేసింది. గుమ్మంలో నిలబడి అరిస్తే ఇరవై ఏడు అడుగుల కంటే వినబడలేదు. నియమం నియమమే కాబట్టి గీత చెరిపి కొత్త గీత గీశారు. బెంచీ బయటపడింది. పదకొండు నుంచి ఇరవై వరకు పత్రాలు బయటపడ్డాయి. డ్రమ్ములు లోపలికి జరిపేసరికి గుమ్మానికి దారి లేకుండా పోయింది. కైసా రికార్డు గది మెట్ల మీద, మూడు మొక్కల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"మైకు పెట్టించండి" అన్నాను త్రివిక్రమరావు గారితో.

ఆయన నా వంక జాలిగా చూశారు. "కేక అనగా మానవ కంఠము నుండి వెలువడునది. మైకు నుండి వెలువడునది ప్రకటన."

సంగతి నూకాలమ్మకి తెలిసింది. మర్నాడు పొద్దున్నే పెద్ద తపేలాతో దిగింది. మిరియాలు దట్టంగా వేసిన పీతల పులుసు.

"తాగు బావూ. నీ గొంతు బాగుంటే మా పిల్ల కాళ్ళు జాపుకుంటాది" అంది లోవరాజుతో.

వారం రోజులు తాగాడు. గొంతు తెరుచుకోవడమే కాదు, కొత్త బలం వచ్చింది. మళ్ళీ కొలిస్తే డెబ్భై ఒక్క అడుగులు. టీ కొట్టు లోపలికి వచ్చేసింది. కైసా ఆ సాయంత్రం కొట్టు ముందు నిలబడి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని టీ తాగింది. లోవరాజు కావాలనే అప్పుడొక కేకేశాడు. "ఆయ్!" అంది నవ్వుతూ.

ఫిబ్రవరిలో ఆ విభాగం పై అధికారి, డిప్యూటీ డైరెక్టరు సుభాషిణి గారు తనిఖీకి వచ్చారు. అప్పటికి మొక్కలు కొత్త చిగుళ్ళు వేశాయి. బురదతో పాటు వచ్చిన చిన్న పీతలు వరండాలో తిరుగుతున్నాయి. కొంగ ఒకటి రోజూ పది గంటలకు వచ్చి ఐదింటికి వెళ్తోంది.

"మీ దగ్గర పెండింగు ఎన్ని?" అని అడిగారావిడ.

"ఒకటండి" అన్నారు త్రివిక్రమరావు గారు.

"ఎక్కడుంది?"

"అదిగోనండి" అని కైసాని చూపించారు.

ఆవిడ నిర్ఘాంతపోయారు. "పాతికేళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. పెండింగుని ఇలా కళ్ళారా చూపించిన ఆఫీసు ఇదే మొదటిది! పారదర్శకత అంటే ఇది. జవాబుదారీతనం అంటే ఇది. పిలిస్తే పెండింగే పలుకుతోంది!" అని అక్కడికక్కడే డిక్టేట్ చేశారు. 'అందుబాటు ప్రజాపాలన' అనే పేరుతో ఈ పద్ధతిని జిల్లాలోని అన్ని శాఖలకూ విస్తరించాలి. ఏ శాఖలో ఏ అర్జీ పెట్టినా, అర్జీదారు పరిష్కారం అయ్యేవరకు ఆ శాఖ కేకకు అందుబాటులో ఉండాలి.

కైసా దండం పెట్టి ముందుకొచ్చింది. "మేడమ్, మీరు పైనోళ్ళు కదండి. నా ఫైలు మీద సంతకం పెట్టెయ్యండి. నా మొక్కల కాడికెళ్ళాలి."

సుభాషిణి గారు ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేశారు. "చూడమ్మా, ఇంత ఆదర్శవంతమైన పెండింగుని నా చేతులతో పాడుచెయ్యమంటావా? వచ్చే నెల రాష్ట్రస్థాయి బృందం చూడ్డానికి వస్తోంది. అప్పటిదాకా ఇలాగే ఉండు. నవ్వుతూ ఉండు."

ఆ రోజు కైసా ఏడవలేదు. ఐదింటికి లేచి, "మార్చిలో అమావాస్య పోటు పెద్దది వస్తాదండి. అది తగిలాక కూడా మొక్క నిలబడిందంటేనే బతికినట్టు. ఆ రోజు నేనక్కడ ఉండాలి. దారాలు చాలవు. దరఖాస్తు పోతే పోనీండి, నేను గీత దాటేస్తాను" అంది.

"దాటితే మూడు రోజుల్లో పొమ్మంటారమ్మా. నివేదిక మీద సంతకం చెయ్యడానికి కనీసం పరిశీలనలోనైనా ఉన్న మనిషి కావాలి" అన్నాను. నిజం అదే. ఆ సంతకం లేకపోతే ఒడ్డు కనకరత్నానికి పోతుంది.

ఆ అమావాస్య గురువారం పడింది. బుధవారం సాయంత్రం దాకా ఏ దారీ దొరకలేదు. కైసా సున్నం గీత వెంబడే అటూ ఇటూ నడుస్తోంది. నడుస్తున్నదల్లా ఆగి, సరాసరి త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళింది. నేనూ వెనకే పరిగెత్తాను.

"మెమోలో 'ఆఫీసు నుంచి కేక' అని ఉందాండి?" అని అడిగింది.

ఆయన మెమో తీశారు. చదివారు. మళ్ళీ చదివారు. "కేక వినబడేంత దూరం అని మాత్రమే కలదు."

"కేకంటే లోవరాజు గారిదే కదండి?"

"ప్రామాణికమైన కేక అదియే."

"అయితే లోవరాజు గారు గుల్లలపేటలో ఉంటే, నేను గుల్లలపేటలో ఉంటే?"

త్రివిక్రమరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. ముప్పై నాలుగేళ్ళుగా ఆయన నియమాలను ప్రేమించారు. నియమం ఆయన్ని తిరిగి ప్రేమించడం బహుశా అదే మొదటిసారి.

"అందుబాటులోనే ఉందురు" అన్నారు.

"ఈ మాట డిసెంబరులోనే తట్టి ఉంటే ఎంత బాగుండేదండి!" అన్నాను ఉండబట్టలేక.

"డిసెంబరులో ఎవరూ అడిగి ఉండలేదు" అని ఆయన కలం తీసి, 'జవాను శ్రీ లోవరాజును కేక నిమిత్తం ఒక దినము పర్యటనకు అనుమతించడమైనది' అని ఉత్తర్వు రాశారు.

గురువారం పొద్దున్న మొదటి బస్సుకి ముగ్గురం వెళ్ళాం. లోవరాజు యూనిఫాం వేసుకుని, బిళ్ళ పెట్టుకుని వచ్చాడు. మేం వెళ్ళేసరికి పోటు ఒడ్డెక్కుతోంది. మొక్కలు నడుం దాకా మునిగాయి, మెడ దాకా మునిగాయి, చివరికి నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. నూకాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి వెనక నిలబడ్డారు. గంటకోసారి లోవరాజు మాత్రం, "కైసా తామ్ గారూ!" అని పక్కనే ఉన్న పిల్లని సముద్రం దద్దరిల్లేలా పిలిచాడు. డ్యూటీ కదా.

మధ్యాహ్నం దాటాక పాటు మొదలైంది. నీళ్ళు తీస్తుంటే ముందు ఒక చిగురు, తర్వాత పది, తర్వాత వరసలు వరసలుగా బయటికి వచ్చాయి. కైసా చెప్పులు విసిరేసి బురదలోకి దిగింది. నూకాలమ్మ వెనకే దిగింది. ఒకళ్ళు ఇటునుంచి, ఒకళ్ళు అటునుంచి లెక్కపెడుతూ మధ్యలో కలుసుకున్నారు. పన్నెండు వందల్లో ఇరవై ఆఫీసులో ఉన్నాయి. ఒడ్డున పదకొండు వందల ముప్పై ఆరు నిలబడ్డాయి.

"నిలబడ్డాయే! నా తల్లులు నిలబడ్డాయే!" అని నూకాలమ్మ బురద చేతులతోనే పిల్లని వాటేసుకుంది. ఆ గంటకి లోవరాజు కేక వెయ్యలేదు. వేస్తే ఏడుపు బయటపడుతుందని తర్వాత నాతో చెప్పాడు.

నివేదిక శనివారం తయారైంది. సోమవారం కైసా సంతకంతో వెళ్ళింది. ఆ వారమే రాష్ట్రస్థాయి బృందం వచ్చి పెండింగుని చూసి, పెండింగుతో ఫొటో దిగి వెళ్ళింది.

మార్చి ముప్పై ఒకటిన నాలుగూ నలభై ఐదుకి లోవరాజు కేకేశాడు. త్రివిక్రమరావు గారు నిలబడి, రెండు చేతులతో ఉత్తర్వు అందించారు.

"మీ దరఖాస్తు సానుకూలముగా పరిష్కరించడమైనది. జనవరి ఒకటి నుంచి మార్చి ముప్పై ఒకటి వరకు నివాసమునకు అనుమతి. గడువు నేటితో ముగియుచున్నది. శుభాకాంక్షలు."

కైసా ఆ కాగితం చదివి, తలెత్తి, కిలకిలా నవ్వింది. నవ్వి, వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టింది. గుల్లలపేటలో పెద్దవాళ్ళకి అలాగే పెడతారని నేర్చుకుంది. ఆయన చాలా కంగారుపడ్డారు. దానికి నియమావళిలో ప్రత్యుత్తరం లేదు. ఆ రాత్రి రైలుకే వెళ్ళిపోయింది. ఇప్పుడు వాళ్ళ దేశంలో పరీక్ష గట్టెక్కి, నూకాలమ్మకి ఫోన్ చేసి గంటలకొద్దీ మాట్లాడుతుంది.

డిప్యూటీ డైరెక్టరు గారి పథకం మాత్రం జిల్లా అంతా వ్యాపించింది. నివేదిక వెళ్ళినా కనకరత్నం ఊరుకోకుండా దాని మీద అభ్యంతర అర్జీ పెట్టాడు. పెట్టిన దగ్గర్నుంచీ మత్స్యశాఖ ఆవరణలో సున్నం గీత లోపల కూర్చుని ఉన్నాడు. ఆ శాఖ జవాను గొంతు చాలా చిన్నదట. ఈలోపు మడ మొక్కలు మనిషి మోకాలు దాటి పెరిగాయి.

జూన్ నెలాఖరున త్రివిక్రమరావు గారు రిటైరయ్యారు. దండలు వేసి, శాలువా కప్పి సాగనంపారు. మర్నాడు ఆయన పదవీ విరమణ ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. పెట్టుకున్నాక తనంతట తానే వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మొన్న ఆగస్టులో ఏదో పని మీద ఆ ఆఫీసుకి వెళ్తే అక్కడే కనిపించారు. కాస్త చిక్కారు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చారు.

"చంద్రం గారూ, ఆ ఒడ్డున మొక్కలు నిజంగా అంత ఎత్తు పెరిగాయాండి?" అని అడిగారు. ఆయన నోటి వెంట మామూలు మాట వినడం నాకు అదే మొదలు. "ఇన్నాళ్ళూ కాగితాల్లో చూడ్డమే గానీ, ఒక్కసారీ వెళ్ళలేదండి."

"రెండింటికి బస్సుంది, రండి, చూసొద్దాం. సాయంత్రానికి వచ్చేద్దురు గాని" అన్నాను.

ఆయన సున్నం గీత వంక చూశారు. "ఈలోపు పిలిస్తేనో?"

గుమ్మంలో కూర్చున్న లోవరాజు మా మాటలు విని లేచి వచ్చాడు.

"పిలిచేది నేనే కదండి, సార్. పిలవను. మీరెళ్ళి చూసి రండి."

త్రివిక్రమరావు గారు లేచారు. గీత దాకా నడిచారు. అక్కడ ఆగి, లోవరాజు వైపు తిరిగారు.

"ఆ మాట కాగితం మీద రాసిస్తావా?" అన్నారు.